రాత్రి వలస పక్షుల కూతలు రికార్డు చేసే అబ్బాయికి ఏ చదువు?

ప్రశ్న: మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా అబ్బాయి పదకొండో తరగతి. లెక్కలు, కోడింగ్ బాగా వచ్చు. ఆగస్టు చివరి నుంచి రోజూ రాత్రి పెరట్లో ఒక పూలకుండీలో మైకు పెట్టి పక్షుల కూతలు రికార్డు చేస్తున్నాడు. పొద్దున బడికి వెళ్లేదాకా కంప్యూటర్‌లో ఆ గీతలే చూస్తుంటాడు. కంప్యూటర్ సైన్స్ తీసుకోరా అంటే పక్షుల మీద చదువుతానంటాడు. దీంతో బతుకుతెరువు ఉంటుందా? నాకూ వాళ్ల నాన్నగారికీ చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు మీరు ఒక పని చేయాలి. వాన వెలిసి, గాలి ఉత్తరానికి తిరిగి, ఒక్కసారిగా చలి దిగే రాత్రి ఒకటి వస్తుంది చూడండి. ఆ మర్నాడు పొద్దున పది నిమిషాలు మీ అబ్బాయి పక్కన కూర్చోండి. స్క్రీన్ మీద ఎడమ నుంచి కుడికి రాత్రంతా పరుచుకుని ఉంటుంది. బొంగురు శబ్దాలు కింద, సన్నటివి పైన. కీచురాళ్ల రొద అడ్డంగా మందపాటి చారలా కనిపిస్తుంది. దాని అంచున ఎక్కడో వెంట్రుకంత వంపు గీత ఒకటి ఉంటుంది. అది వార్బ్లర్ కూత. సెకనులో పదో వంతు కూడా ఉండదు, ఆరు నుంచి తొమ్మిది కిలోహెర్ట్జ్ మధ్య పడుతుంది. మన పిచ్చుక కంటే చిన్న పిట్ట కెనడా అడవుల నుంచి దక్షిణానికి పోతూ, మీరు నిద్రలో ఉండగా మీ ఇంటి మీదుగా దాటింది. ఆ గీత చూసి అది ఏ పిట్టో, కనీసం ఏ గుంపు పిట్టో చెప్పడం, డాక్టర్లు ఈసీజీ చదవడం లాంటి విద్య. నెలల తరబడి కూర్చుంటే గాని రాదు.

ఈ పని మీ అబ్బాయితో మొదలైంది కాదు. 1896 సెప్టెంబరులో పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని మాడిసన్ దగ్గర ఓరిన్ లిబీ అనే ఆయన ఒక్క రాత్రిలో 3,800 కూతలు చెవులతో విని లెక్కపెట్టాడు. 1950ల చివర్లో మీ ఇలినాయ్‌లోనే రిచర్డ్ గ్రేబర్, విలియం కాక్రన్ అనే పరిశోధకులు ఆ కూతల్ని టేపు మీదకు ఎక్కించారు. మీ ఇంట్లో ఉన్న పూలకుండీ మైకు న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన బిల్ ఎవాన్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. కుండీ మూతికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టి ఉంటే, వాన పడకుండా అన్నమాట. అది చింపి పారేయకండి.

ఇక అసలు విషయం. పక్షులా, కంప్యూటర్ సైన్సా అని మీరు అడుగుతున్నారు. ఈ పనిలో ఆ రెండూ విడివిడిగా ఉండవు. ఒక రాత్రికి పది గంటల రికార్డింగు, అలాంటివి ఒక సీజన్‌లో అరవై డెబ్బై రాత్రులు. ఎవరూ కూర్చుని వినలేరు. అందుకే కూతల్ని గుర్తుపట్టే బర్డ్‌నెట్, నైట్‌హాక్ లాంటి కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. వాటికి నేర్పాలంటే కోడ్ రాయగలగాలి, ఏ కూత ఏ పిట్టదో తెలియాలి, మెషీన్ తప్పు చెప్పినప్పుడు పట్టుకోగలగాలి. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం అరుదు.

ఉపయోగం ఏమిటని మీకు అనిపిస్తుంది. వాతావరణ రాడార్‌లో పక్షుల మందలు కనిపిస్తాయి గానీ ఏ జాతివో తెలియదు. అది చెప్పేది మైకు. మీ షికాగో సంగతే చూడండి. 2023 అక్టోబరు 5న అక్కడి మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద సమావేశ భవనం అద్దాలకు కొట్టుకుని, ఒక్క రాత్రిలో వెయ్యికి దగ్గరగా పక్షులు చచ్చిపోయాయి. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం వాళ్లు ఆ భవనం దగ్గర 1978 నుంచి చనిపోయిన పక్షుల్ని ఏరుతూ లెక్క రాస్తున్నారు. ఆ లెక్కల ఆధారంగా 2019లో ఒక పరిశోధన వచ్చింది. రాత్రిపూట కూత పెట్టే జాతులే భవనాలకు ఎక్కువగా కొట్టుకుంటున్నాయని తేలింది. వెలుతురులో దారి తప్పిన పిట్ట కూస్తుంది, ఆ కూత విని పక్కవి కూడా అటే వస్తాయేమోనని శాస్త్రవేత్తల అనుమానం. 2024లో పక్షులకు అద్దం ఉందని తెలిసేలా ఆ అద్దాల మీద చుక్కల ఫిల్మ్ అతికించారు, చావులు బాగా తగ్గాయి. దశాబ్దాల పాటు ఎవరో ఓపికగా లెక్క రాసిపెట్టబట్టి ఇది జరిగింది. నాకు ఈ సంగతి తలచుకుంటే మీ అబ్బాయి మీద గౌరవమే కలుగుతోంది.

డబ్బు సంగతి దాచను. సాఫ్ట్‌వేర్ జీతం ఇందులో రాదు. డిగ్రీ అయ్యాక మొదటి రెండు మూడేళ్లు సీజన్ ఉద్యోగాలే, నాలుగైదు నెలలకో ఊరు మారాలి. పరిశోధనలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ కావాలి. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు పడదు, స్టయిపెండ్ ఇస్తారు. విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర వన్యప్రాణి శాఖలు, గాలిమరల ప్రాజెక్టుల ముందు పక్షుల సర్వే చేసే కన్సల్టెన్సీలు, స్వచ్ఛంద సంస్థలు, పని దొరికే చోట్లు ఇవి.

మీరు రాయని సంగతి ఒకటుంది, నా సలహా దాని మీదే ఆధారపడుతుంది. అబ్బాయి అక్కడే పుట్టాడా, హెచ్4 మీద (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) ఉన్నాడా? హెచ్4 అయితే 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది. కేంద్ర ప్రభుత్వ వన్యప్రాణి ఉద్యోగాలకు దాదాపు అన్నిటికీ పౌరసత్వం కావాలి. డిగ్రీ పిల్లలకు వేసవిలో పరిశోధన నేర్పే ఆర్‌ఈయూ అవకాశాలు కూడా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. అందుకే పౌరుడైతే వైల్డ్‌లైఫ్ లేదా ఎకాలజీ మేజర్‌గా తీసుకోనివ్వండి, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ కోర్సులు మాత్రం వదలొద్దు. హెచ్4 అయితే తిరగేయండి, కంప్యూటర్ సైన్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ మేజర్, ఎకాలజీ మైనర్. ఇందులో అతని ఇష్టానికి అన్యాయమేమీ జరగదు, పీహెచ్‌డీలో మళ్లీ పక్షుల దగ్గరకే రావచ్చు. పక్షుల అధ్యయనానికి పెద్ద పేరు కార్నెల్ విశ్వవిద్యాలయానిదే, కానీ దాని కోసం అప్పుల్లో పడొద్దు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా షాంపేన్‌లో సహజ వనరుల విభాగం ఉంది, రాష్ట్ర నేచురల్ హిస్టరీ సర్వే అక్కడే ఉంది, మీకు రాష్ట్రవాసుల ఫీజు వర్తిస్తుంది.

అబ్బాయికి నా మాటగా ఇవి చెప్పండి. మైకు చోటు మార్చొద్దు. మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, గాలి దిశ రోజూ రాయాలి. తెలియని కూతకు పేరు అంటగట్టకుండా ‘తెలియని వార్బ్లర్’ అనే రాయాలి. వంద కూతలంటే వంద పక్షులు కాదు, ఒకే పిట్ట నాలుగుసార్లు కూయొచ్చు. అసలు రాత్రిపూట దాదాపు కూయని, విరియోలనే చిన్న పిట్టల లాంటివి కూడా ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకుని రాసిన రెండు సీజన్ల నోటుబుక్కు అడ్మిషన్ వ్యాసానికి మంచి సరుకు. రికార్డర్ దానంతటదే నడుస్తుంది కాబట్టి రాత్రి పదిన్నరకు పడుకోమనండి.

ఒక్క ఇబ్బంది ముందే చూసుకోండి. వచ్చే ఏడాది కాలేజీ దరఖాస్తులు సరిగ్గా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడతాయి, వలస జోరు మీద ఉండే రోజుల్లో. వ్యాసాలు జూలైలోనే రాయించేయండి.