మూడేళ్ల కిందటి డియోడరెంట్ వాడచ్చా? మా బీరువా స్టిక్కు కథ

"కొని మూడేళ్లయిన డియో ఉంది, వాసన బాగానే వస్తోంది, వాడచ్చా?" అని అడిగారు. అది స్ప్రేనా, రోల్-ఆనా, స్టిక్కా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ముందు నాకు జరిగింది చెబుతాను.

మా అక్కావాళ్లు డాలస్‌లో ఉంటారు. వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో చాక్లెట్లు, బాదంపప్పు, విటమిన్ మాత్రలు, వాటితో పాటు నాలుగైదు డియో స్టిక్కులు. అందరికీ పంచగా మిగిలినవాటిని మా అమ్మ "పెళ్లిళ్లకి పనికొస్తాయి" అని బీరువాలో పట్టుచీరల కింద దాచేసేది. నాలుగేళ్ల తర్వాత మా బాబాయి కొడుకు పెళ్లికి, ఏలూరులో, మండే మే నెలలో, అందులోంచి ఒకటి బయటికి తీశాను.

మూత తీయగానే ముందు కలరా ఉండల వాసన. దాని వెనకెక్కడో సబ్బు వాసన. స్టిక్కు కుంచించుకుపోయి డబ్బా అంచుకీ దానికీ మధ్య సందు వచ్చింది. అడుగున చక్రం తిప్పితే పై ముక్క ఊడి సుద్దముక్కలా చేతిలో పడింది. ముహూర్తం టెన్షన్‌లో ఆ ముక్కనే రుద్దుకుని వెళ్లిపోయాను. భోజనాల వేళకి నా ముదురు నీలం చొక్కాకి చంకల దగ్గర సున్నం కొట్టినట్టు తెల్లచారలు. చెమట వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. రాత్రికి దురద, మర్నాటికి దద్దుర్లు. చర్మం డాక్టరు ఒక క్రీము రాసిచ్చి, రెండు వారాలు ఏ డియో వాడొద్దన్నారు. నిజం చెప్పాలంటే పెళ్లి రోజు పొద్దున్నే చంకల్లో షేవ్ చేసుకున్నాను కూడా. కాబట్టి నేరమంతా స్టిక్కు మీదకి తోసేయలేను.

తర్వాత డబ్బా తిప్పి చూస్తే తేదీ లేదు, ఏదో కోడ్ మాత్రమే ఉంది. అమెరికాలో మామూలు డియోడరెంట్ కాస్మెటిక్ కింద లెక్క, దాని మీద ఎక్స్‌పైరీ తేదీ వేయాలన్న నియమం లేదు. చెమటనే తగ్గించే యాంటీపెర్స్పిరెంట్ అయితే అక్కడ మందుల కింద లెక్క. మన దేశంలో మాత్రం కాస్మెటిక్స్ మీద ఏ నెల, ఏ సంవత్సరం లోపు వాడాలో వేయాల్సిందే. మీ డబ్బా అడుగున చూడండి, చిన్న చుక్కల అక్షరాల్లో ఉంటుంది.

మీది స్ప్రే అయితే పెద్దగా భయం లేదు. డబ్బా మూసే ఉంటుంది, లోపలికి గాలి వెళ్లదు, పైగా అందులో సాధారణంగా ఆల్కహాలు ఎక్కువ, కాబట్టి క్రిములు పెరగవు. తేదీ దాటి రెండు నెలలైనవి నేను వాడాను, ఏమీ కాలేదు. స్ప్రేకి వచ్చే జబ్బు వేరే. గ్యాస్ కొద్దికొద్దిగా తగ్గిపోతుంది, ఊపితే లోపల గళగళమంటుంది కానీ నొక్కితే తుస్సుమంటుంది. ఆ గ్యాస్ చాలావాటిలో బ్యూటేన్, ప్రొపేన్, అంటే మన వంటగ్యాస్ బాపతే. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మన ఎండల్లో మూసిన కారు డాష్‌బోర్డు అంతకన్నా ఎక్కువే కాలుతుంది. డియోని అక్కడ మాత్రం వదలకండి. ఖాళీ డబ్బానైనా తగలబెట్టే చెత్తలో వేయొద్దు, పేలుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది రోల్-ఆన్‌తో. ఆ బంతి మన చంకను తాకి చెమట, మురికి, క్రిములు అంటించుకుని మళ్లీ సీసాలోకే తిరుగుతుంది. లోపల ఎక్కువగా నీళ్లే. పాడవకుండా కలిపిన మందు కొంతకాలం కాపు కాస్తుంది, అంతే. కొన్నిటి మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, పక్కన 12 అంకె కనిపిస్తాయి. తెరిచాక పన్నెండు నెలలు అని దానర్థం. నేను తెరిచిన ఏడాదికి పారేస్తాను. బంతి బిగుసుకుంటే వేడినీళ్లలో ముంచి తిప్పడం నాకూ అలవాటే ఒకప్పుడు. నీళ్లు లోపలికి వెళ్తే ఆ మందు పలచబడుతుందని తెలిశాక మానేశాను. రంగు మారినా, నీళ్లూ చిక్కదనం వేరువేరుగా విడిపోయినా, పుల్లటి వాసన వచ్చినా తేదీ చూడక్కర్లేదు. కొబ్బరినూనెతో ఇంట్లో చేసుకునేవైతే ఇంకా తొందరగా మక్కిన వాసన వస్తాయి.

ఎప్పటికీ పాడవనిది కావాలంటే పటిక. మా తాతయ్య గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక బిళ్ల ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అంచులు అరిగిందంతే. అది ఖనిజ లవణం, మక్కదు, బూజు పట్టదు. తడిచేసి రుద్దుకుంటే పూటంతా వాసన రాదు. షేవ్ చేసిన చోట మాత్రం చుర్రుమంటుంది.

మొన్న సంక్రాంతికి అక్క మళ్లీ నాలుగు స్టిక్కులు తెచ్చింది. మూతల మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాసి అమ్మకిచ్చాను. అమ్మ వాటిని చదివి, తల ఊపి, తీసుకెళ్లి పట్టుచీరల కిందే పెట్టింది.