బ్లౌజ్ వర్క్‌కి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొనేముందు ఏం చూడాలి?

ఇంట్లో టైలరింగ్ చేస్తూ వర్కులు బయట ఇస్తున్నామని, ఇప్పుడు సొంత మెషిన్ పెట్టుకోవడానికి సింగిల్ నీడిల్ తీసుకోవాలా, పదిహేను నీడిళ్లదా అని అడిగారు. తెనాలిలో నేను చేసేదీ ఇదే పని, రెండు రకాలూ వాడాను. నీడిళ్ల లెక్క తర్వాత చూద్దురుగాని, ముందు ఫ్రేమ్ కొలత, అంటే బట్ట బిగించే చట్రం ఎంత పెద్దదో చూడండి.

మనకొచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం బ్యాక్ నెక్, చేతులే కదా. నిండు వర్క్ అడిగితే బ్యాక్ నెక్ డిజైన్ వెడల్పు 13, 14 అంగుళాలు వస్తుంది. ఉషా జానోమ్ మెమరీ క్రాఫ్ట్ 450ఈ లాంటి ఇంటి మెషిన్‌లో కుట్టే చోటు 20 × 28 సెంటీమీటర్లు, అంటే పొడవు వైపు 11 అంగుళాలే. చేతులకు, బుటాలకు, పిల్లల గౌన్లకు అది చక్కగా సరిపోతుంది. బ్యాక్ నెక్‌కి మాత్రం డిజైన్‌ను రెండు ముక్కలు చేసి, బట్ట విప్పి మళ్లీ బిగించాలి. రెండోసారి బిగించేటప్పుడు కాస్త జరిగినా మెడ మధ్యలో తీగ తెగినట్టు కనబడుతుంది. పట్టు మీద కుట్టు విప్పితే సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. పైగా అది పెళ్లి చీరతో వచ్చిన బ్లౌజ్ ముక్క, అలాంటిది ఇంకొకటి తేలేం.

సింగిల్ నీడిల్‌లో రంగు మారినప్పుడల్లా దారం మీరే మార్చాలి. ఆరు రంగుల డిజైన్ పెట్టుకుని పక్కన ప్రశాంతంగా బ్లౌజ్ కుట్టుకోవడం కుదరదు. రోజుకి ఒకటి రెండు చిన్న వర్కులైతే పర్లేదు. పెళ్లిళ్ల సీజన్ మీదే సంపాదన అనుకుంటే మాత్రం కొంచెం ఆగైనా సరే పెద్ద ఫ్రేమ్ ఉన్న మల్టీ నీడిల్ తీసుకోమనే చెబుతాను, అందులో ఒక్కో నీడిల్‌కి ఒక్కో రంగు ఎక్కించి పెడితే రంగు అదే మార్చుకుంటుంది.

వేగం నిమిషానికి 1000, 1200 కుట్లు అని చెబుతారు. జరీ దారాన్ని అంత వేగంతో నడిపితే తెగుతూనే ఉంటుంది, నేను 600 దాటించను. ఆ లెక్కన లక్ష కుట్ల బ్యాక్ నెక్ ఎక్కడా ఆగకుండా నడిచినా 2 గంటల 45 నిమిషాల పైనే. దారం తెగడం, బాబిన్ మార్చడం కలిస్తే ఒక పూట పోతుంది. కస్టమర్‌కి రేటు చెప్పేముందు ఈ పూట లెక్కలో ఉండాలి.

షోరూమ్‌లో మందపాటి కాటన్ మీద చిన్న పువ్వు కుట్టి చూపిస్తారు. ఆ పువ్వు ఏ మెషినైనా కుడుతుందండి. మీ రా సిల్క్ ముక్క, నెట్ ముక్క, మీరు వాడే జరీ రీలు పట్టుకెళ్లి పూర్తి బ్యాక్ నెక్ కుట్టించండి, అయ్యేదాకా కూర్చోండి. తర్వాత బట్ట వెనక్కి తిప్పి చూడండి. శాటిన్ కుట్టు, అంటే దగ్గరదగ్గరగా నిండుగా వేసే కుట్టు వెనక మధ్యలో బాబిన్ దారం కుట్టు వెడల్పులో మూడో వంతు గీతలా కనబడాలి. అదే దారం పై వైపుకి వస్తోందంటే దారం బిగువు (టెన్షన్) కుదరలేదన్నమాట. మధ్యలో ఒకసారి స్విచ్ ఆపించి మళ్లీ వేయించండి, ఆగిన కుట్టు దగ్గర నుంచే మొదలవ్వాలి. మన కరెంటు సంగతి తెలిసిందే కదా.

కస్టమర్లు ఫోన్‌లో ఫోటో చూపించి ఇదే కావాలంటారు. ఫోటోను మెషిన్ నేరుగా కుట్టలేదు, దాన్ని డిజిటైజ్ చేయించాలి, అంటే కంప్యూటర్‌లో కుట్ల ఫైల్‌గా మార్పించాలి. డిజైన్లు ఎక్కువగా డీఎస్‌టీ (.dst) అనే రకం ఫైళ్లుగా దొరుకుతాయి కాబట్టి మీ మెషిన్ అవి తీసుకుంటుందో లేదో అడగండి. ఆ ఫైల్‌లో అసలు రంగులు ఉండవు, ఎక్కడ రంగు మారాలో మాత్రమే ఉంటుంది. అందుకే డిజైన్ బొమ్మ కూడా దాచుకోండి.

బ్రాండ్ గురించి అడిగారు. మీ ఊరి చుట్టుపక్కల ఏ మెషిన్‌కి మెకానిక్ పిలిస్తే వస్తాడో అదే మీకు మంచి బ్రాండ్. హుక్ టైమింగ్, అంటే సూది, కింది హుక్ కలిసే సమయం తప్పిందంటే మెకానిక్ వచ్చేదాకా మెషిన్ ఆగిపోతుంది, అది సీజన్‌లోనే జరిగితే ఆర్డర్లన్నీ చెదిరిపోతాయి. డీలర్‌ని కాదు, అక్కడ ఆ మెషిన్ నడుపుతున్నవాళ్లను వెళ్లి అడగండి.

డబ్బు తక్కువైతే ముద్రా లోన్‌లో కిశోర్ అనే రకం కింద 50 వేల పైన 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకు కొటేషన్ అడుగుతుంది. ఎన్ని ఫ్రేములు ఇస్తారు, బిగింపు, ట్రైనింగ్, వారంటీ అయ్యాక మెకానిక్ వస్తే ఎంత తీసుకుంటారు, ఇవన్నీ అందులోనే రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.