ఆలిస్ స్ప్రింగ్స్ డయాలసిస్ వార్డులో నాకు తెలిసిన ఆదివాసీ కుటుంబం

ఆస్ట్రేలియా ఆదివాసుల కుటుంబ జీవితం ఎలా ఉంటుంది, తాతల నాటి నేల అంటే వాళ్ళకి అంత పట్టుదల ఎందుకు, ప్రభుత్వం టౌన్‌లో ఇళ్ళు ఇస్తే వెళ్ళి ఉండొచ్చు కదా అని అడిగారు. నేను ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ టౌన్‌లో, కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే డయాలసిస్ వార్డులో నర్సుగా కొన్నేళ్ళు పనిచేశాను. నాకు తెలిసింది ఆ ఎడారి వైపు వార్ల్‌పిరి, పింటుపి, అరెర్న్ట అనే ఆదివాసీ జాతుల వాళ్ళ గురించే. ఆ దేశంలో ఒకప్పుడు 250కి పైగా ఆదివాసీ భాషలుండేవి. ఇప్పుడు సిడ్నీ, బ్రిస్బేన్ లాంటి నగరాల్లో ఉండే ఆదివాసులూ చాలామందే. కాబట్టి నేను చెప్పేది అందరికీ వర్తిస్తుందని అనుకోకండి.

ముందు వరసల గురించి. నాతో పనిచేసిన తెల్ల నర్సులకి ఇవి తలకెక్కడానికి చాలా టైం పట్టింది. తెలుగువాళ్ళకి అంత కష్టం కాదు. అమ్మ అక్కచెల్లెళ్ళంతా అమ్మలే, నాన్న అన్నదమ్ములంతా నాన్నలే, వాళ్ళ పిల్లలు సొంత తోబుట్టువులే. మేనమామ, మేనత్త వేరు, వాళ్ళ పిల్లల వరసా వేరు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కరియెరా వాళ్ళలో మేనరికం కూడా ఉండేది. మానవశాస్త్రం చదివేవాళ్ళు మన ద్రావిడ వరసల్నీ వాళ్ళ వరసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. వార్ల్‌పిరి వాళ్ళలో మాత్రం సొంత మేనబావ పనికిరాడు, ఇంకొక తరం ఎడం ఉండాలి.

దీనిమీద ఇంకో పద్ధతి ఉంది. వార్ల్‌పిరి మనుషులంతా ఎనిమిది వర్గాలు. ప్రతి వర్గానికీ మగవాళ్ళకో పేరు, ఆడవాళ్ళకో పేరు. దీన్ని అక్కడ ఇంగ్లీషులో స్కిన్ నేమ్ అంటారు. మగ పేర్లన్నీ 'జ'తో, ఆడ పేర్లన్నీ 'న'తో మొదలవుతాయి. తల్లిదండ్రుల వర్గాన్ని బట్టి బిడ్డ వర్గం పుట్టుకతోనే తేలిపోతుంది. మా వార్డులో ఒక పెద్దావిడ, వర్గం నపంగార్ది, ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి "నువ్వు నా కూతురివి, అంటే నంగల" అంది. అంతే, మధ్యాహ్నానికి వార్డంతా తెలిసిపోయింది. ఇంకో నంగల నన్ను చెల్లీ అంది. ఒక జపంగార్ది ముసలాయన మేనమామ అయ్యాడు. జకమర్ర వర్గం కుర్రాడొకడు అప్పటిదాకా నాతో ఫుట్‌బాల్ కబుర్లు చెప్పేవాడు. ఆ రోజు నుంచి నా మొహం చూడటం మానేశాడు. నంగలకి జకమర్ర అల్లుడి వరస. అత్త, అల్లుడు ఎదురెదురుగా కూర్చోకూడదు, నేరుగా మాట్లాడుకోకూడదు. అది కోపం కాదు, మర్యాద. నేనొక వైపు నుంచి వస్తుంటే అతను ఇంకో వైపుకి తిరిగి కూర్చునేవాడు. అతనికి సూది గుచ్చే పని ఇంకో నర్సుకి అప్పజెప్పాం.

ఇప్పుడు నేల సంగతి. కుటుంబం ఒకటి, భూమి ఇంకొకటి అని విడగొట్టి చూస్తే వాళ్ళ జీవితం అర్థం కాదు. జుకుర్‌పా అని వాళ్ళు చెప్పే సృష్టి కాలంలో పూర్వీకులు ఆ ఎడారిలో నడుచుకుంటూ పోయారు. వాళ్ళు ఆగిన చోట కొండలు, నీటి గుంటలు ఏర్పడ్డాయి. ఆ పూర్వీకులకీ ఈ వర్గాలే ఉన్నాయి. అందుకని ఫలానా కొండ ఒకరికి తాత వరస, ఇంకొకరికి మేనమామ వైపు చుట్టం. తండ్రి వైపు నుంచి వచ్చిన నేలకి మనిషి 'కిర్ద', అంటే హక్కుదారు. తల్లి పుట్టింటి నేలకి 'కుర్దుంగుర్లు', అంటే కాపు కాసేవాడు. కిర్ద ఒక్కడే ఆ నేల పూజ చేయలేడు. పాట సరిగ్గా పాడారా, ఒంటిమీద గుర్తులు సరిగ్గా వేశారా అని చూసేది కుర్దుంగుర్లే. ఒకరు లేకుండా ఇంకొకరికి సాగదు. నాకు చాలా గొప్పగా అనిపించిన ఏర్పాటు ఇది. కుర్దుంగుర్లు అంటే కిర్దకి మేనల్లుడి వరసే కదా, మేనల్లుళ్ళ మాట లేకుండా ఏ నేల పనీ జరగదు. అందుకే టౌన్‌లో ఇల్లు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. అది ఇంకొకరి నేల. ఆలిస్ స్ప్రింగ్స్ అరెర్న్ట వాళ్ళది. అక్కడ వార్ల్‌పిరి మనిషి ఎన్నేళ్ళున్నా అతిథే.

డయాలసిస్‌లో ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు మిషన్ మీద ఉండాలి. మిషన్ టౌన్‌లో ఉంటే ఊరు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కొందరు సెషన్లు ఎగ్గొట్టి ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒంట్లో నీరు చేరి, పొటాషియం పెరిగి, ఎమర్జెన్సీలో తిరిగొచ్చేవాళ్ళు. "మాట వినరు" అని విసుక్కునే స్టాఫ్ ఉండేవాళ్ళు, నాకది బాధగా ఉండేది. ఆ పెద్దావిడ ఒకసారి నాతో చెప్పింది: మనవరాళ్ళకి నీటి గుంటలు చూపించాల్సింది తనే, ఇక్కడ కుర్చీలో కూర్చుని ఎలా చూపిస్తుంది?

దీనికి దారి కనిపెట్టింది కూడా వాళ్ళే. పింటుపి చిత్రకారులు కలిసి పెద్ద పెద్ద బొమ్మలు వేస్తే 2000లో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో వేలం వేశారు. పది లక్షల డాలర్లకి పైగా వచ్చింది. ఆ డబ్బుతో మొదలైన సంస్థనే ఇప్పుడు పర్పుల్ హౌస్ అంటున్నారు. 2004లో ఆలిస్ స్ప్రింగ్స్‌కి 500 కిలోమీటర్లకి పైగా పడమర ఉన్న కింటోర్‌లో డయాలసిస్ పెట్టారు. తర్వాత ఇంకా చాలా మారుమూల ఊళ్ళలో పెట్టారు. మిషన్లున్న ఊదారంగు లారీ కూడా ఒకటి ఊళ్ళకి తిరుగుతుంది. తమ నేల బొమ్మలే గీసి, అమ్మి, ఆ డబ్బుతో ఆ నేలకి తిరిగి వెళ్ళే దారి వేసుకున్నారు.

పిల్లల్ని లాక్కెళ్ళిన కాలం గురించి చెప్పకుండా ఉండలేను. తెల్ల తండ్రులకి పుట్టిన ఆదివాసీ పిల్లల్ని ప్రభుత్వం తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి హాస్టళ్ళలో పెట్టింది. ఆలిస్ స్ప్రింగ్స్ పాత టెలిగ్రాఫ్ స్టేషన్‌లో 1932 నుంచి 1942 దాకా నడిచిన 'బంగళా' అలాంటిదే. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అలా వెళ్ళిన పిల్లలకి తల్లి ఒక్కతే దూరం కాలేదు. వర్గం తెలియక ఎవరు చుట్టమో, ఎవరిని చేసుకోవచ్చో, ఏ కొండ తమదో తెలియకుండా పోయింది. వార్డుకొచ్చే ఒకాయన ముసలితనంలో తిరిగొచ్చాడు. పక్క కుర్చీల్లోని పెద్దవాళ్ళు "మీ అమ్మమ్మ ఎవరు, ఎక్కడ పుట్టింది" అని వారాల తరబడి అడుగుతూ, వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూ, చివరికి ఆయన వర్గమేదో తేల్చారు.

చట్టం కూడా మెల్లగా ఇటు వచ్చింది. 1976లో నార్తర్న్ టెరిటరీ (ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న ప్రాంతం) భూహక్కుల చట్టం, 1992లో తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఆదివాసులకి నేలమీద హక్కు ఉందని ఒప్పుకున్న మాబో తీర్పు వచ్చాయి. 2019లో టింబర్ క్రీక్ అనే ఊరి నేల కేసులో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత కోర్టు, నేలతో బంధం తెగినందుకు కలిగిన నష్టానికి విడిగా 13 లక్షల డాలర్లు ఇవ్వమంది.

మీరు అటు వెళ్ళే పనుంటే కొన్ని విషయాలు. ఆదివాసీ భూముల్లోకి వెళ్ళాలంటే ఆ భూముల వ్యవహారాలు చూసే సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. ఉలూరు అనే పవిత్రమైన పెద్ద ఎర్ర బండకొండ ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి ఆపేశారు. ఎవరైనా చనిపోతే వాళ్ళ పేరు చాలాకాలం ఎత్తరు. అదే పేరున్న ఇంకో మనిషిని వార్ల్‌పిరి వాళ్ళు కుమంజాయి అని పిలుస్తారు, మీరూ అలాగే పిలవండి. ఫోటో తీసే ముందు అడగండి. మీదేవూరని ఎవరైనా అడిగితే హైదరాబాద్ అని సరిపెట్టకుండా, అమ్మమ్మ వాళ్ళ ఊరుతో సహా చెప్పండి. వాళ్ళు నిజంగానే వింటారు.