పబ్లిషర్ డబ్బు తీసుకుంటే మా గేమ్ ఇండీ కాకుండా పోతుందా?

ప్రశ్న: సర్, మాది మద్దిలపాలెం. నేనూ, ఇద్దరు స్నేహితులూ రెండున్నరేళ్లుగా రాత్రులు కూర్చుని ఒక వీడియో గేమ్ చేస్తున్నాం. తుపానులో చిక్కుకున్న బోటుని ఒక ముసలి తండేలు ఫిషింగ్ హార్బర్‌కి తెచ్చుకోవడం కథ. ఇప్పుడు బయటి దేశపు పబ్లిషర్ (గేమ్‌కి డబ్బు పెట్టి మార్కెట్లోకి తెచ్చే కంపెనీ) ఒకరు 18 లక్షలు అడ్వాన్స్ ఇస్తామని 31 పేజీల అగ్రిమెంట్ పంపారు, శుక్రవారం లోపు సంతకం కావాలట. పబ్లిషర్ డబ్బు ముట్టుకుంటే ఇక ఇండీ (ఇండిపెండెంట్, అంటే పెద్ద కంపెనీ చేతిలో లేకుండా సొంతంగా చేసుకున్న గేమ్) అని చెప్పుకోకూడదని, చెప్పుకుంటే కేసవుతుందని మాలో ఒకడు టెన్షన్ పెడుతున్నాడు. వాడికి రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంగీతం మా జూనియర్ చేశాడు, వాడికి 15 వేలు ఫోన్‌పే చేశాం. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ముందు కేసు సంగతి తేల్చేద్దాం, మీ భయంలో సగం అదే కదా. మన దేశంలో ఏ చట్టంలోనూ ‘ఇండీ గేమ్’ అన్న మాటకు నిర్వచనం లేదు. సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు, ఇది ఇండీ ఇది కాదు అని ముద్ర వేసే ఆఫీసూ లేదు. అడ్వాన్స్ తీసుకుని ఇండీ అని రాసుకున్నంత మాత్రాన మిమ్మల్ని ఎవరూ కోర్టుకి లాగలేరు. కాకపోతే గేమ్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ పేజీలో ‘ఎవరి సాయం లేకుండా పూర్తిగా మా సొంత డబ్బుతో’ అని రాసి వెనకాల 18 లక్షలు జేబులో వేసుకుంటే అది అబద్ధపు ప్రకటన కిందికి వస్తుంది, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి అలాంటివాటితో పనుంది. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, చాలు.

ఇక పోటీలు. ఇండీ విభాగంలో అవార్డుకి పంపేటప్పుడు మాత్రం ఆ పోటీ వాళ్లు రాసుకున్న నిబంధనలే మీకు చట్టం, పంపేముందు అవి చదవాల్సిందే. ఈ విషయంలో వాళ్లకీ ఒక లెక్క కుదరదు లెండి. 2023లో, ఏటా వీడియో గేమ్‌లకి అవార్డులిచ్చే ద గేమ్ అవార్డ్స్ వాళ్లు ఉత్తమ ఇండిపెండెంట్ గేమ్ నామినేషన్లలో డేవ్ ద డైవర్ అనే గేమ్‌ని పెట్టారు. చేసింది మింట్‌రాకెట్ అనే స్టూడియో, అది కొరియాలో పుట్టిన పెద్ద గేమ్ కంపెనీ నెక్సాన్‌ది, దాంతో ఇదెక్కడి ఇండీ అని పెద్ద గొడవైంది. (ఈ కథంతా మా అబ్బాయి భోజనాల దగ్గర చెబితే విన్నాను, తర్వాత చదివి చూసుకున్నాను.) ఇటు స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ చూడండి. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్ల పైచిలుకు కూర్చుని చేశాడు, 2016లో విడుదలైనప్పుడు చకిల్‌ఫిష్ అనే పబ్లిషర్ ఉన్నారు, ఆ తర్వాత చాలా ప్లాట్‌ఫామ్‌లలో పబ్లిషింగ్ తనే చేతిలోకి తీసుకున్నాడు. పబ్లిషర్ ఉన్నంత మాత్రాన దాన్ని ఇండీల జాబితాలోంచి ఎవరూ తీసెయ్యలేదు.

కాబట్టి నేను ఒక్కటే చూస్తాను. రేపు పబ్లిషర్ ‘తండేలు చనిపోయే ఆ ముగింపు మార్చండి’ అంటే మీరు ‘మార్చం’ అనగలరా, అన్న తర్వాత కూడా గేమ్ మీ చేతిలోనే ఉంటుందా? మీ 31 పేజీల్లో దీనికి జవాబు ఉంది, అది నాకు నచ్చలేదు.

9వ క్లాజు చూడండి. గేమ్, పాత్రలు, సోర్స్ కోడ్, రాబోయే భాగాలు, అన్నిటి హక్కులూ ప్రపంచమంతటా శాశ్వతంగా వాళ్లకి బదిలీ. ఎంవీపీ కాలనీలో ఇల్లు అద్దెకివ్వడానికీ, రిజిస్ట్రేషన్ చేసిచ్చెయ్యడానికీ ఎంత తేడా ఉందో లైసెన్సుకీ ఈ బదిలీకీ అంత తేడా. మీరు అద్దె అడ్వాన్స్ లాంటి డబ్బు తీసుకుని ఇల్లు రాసిచ్చేస్తున్నారు. మన కాపీరైట్ చట్టం, 1957 రాసినవాడి పక్కన కొంత నిలబడుతుంది: 19వ సెక్షన్ ప్రకారం బదిలీ కాగితం మీద సంతకంతో ఉండాలి, ఎంత కాలమో రాయకపోతే 5 ఏళ్లు అనీ, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే అనీ అనుకోవాలి, వేరేలా రాసుకోకపోతే ఏడాదిలోగా వాడుకోని హక్కు వెనక్కి వచ్చేస్తుంది. కానీ మీ పబ్లిషర్ అవన్నీ తనకు కావలసినట్టు రాసేసుకున్నాడు, పైగా 27వ క్లాజులో సింగపూర్ చట్టం, సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) అన్నాడు. మామూలుగా కాపీరైట్ దావా మీరు ఉండే ఊళ్లోనే, అంటే మన విశాఖ కోర్టులోనే వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది. ఈ సంతకంతో ఆ వీలు దాదాపు పోయినట్టే.

డబ్బు లెక్క కూడా ఒకసారి వెయ్యండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో వంద రూపాయల అమ్మకానికి స్టోర్ 30 తీసుకుంటుంది, మిగిలిన 70లో మీకు సగం, అంటే 35. అడ్వాన్స్‌ని మీ వాటాలోంచే పట్టుకుంటామన్నారు కాబట్టి 51 లక్షల పైన అమ్మకం జరిగేదాకా మీకు ఇంకో రూపాయి రాదు. అదీ టాక్సులు, రిఫండ్లు వదిలేస్తే. మార్కెటింగ్ ఖర్చు ముందు తీసుకుంటామన్నారు, దానికి పరిమితి రాయలేదు. పరిమితి లేని ఖర్చు ఎప్పటికీ తీరదు.

పబ్లిషర్‌ని అనేముందు మీ ఇంటి సంగతి. మీ ముగ్గురి మధ్య ఒక్క కాగితం లేదు. లాభం పంచుకుందామని కలిసి వ్యాపారం చేస్తుంటే రాసుకోకపోయినా 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం అది భాగస్వామ్యమే, ఒప్పందం లేదు కాబట్టి లాభం సమానం, కోడింగంతా ఒకడే చేసినా సరే. ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే బాకీ రాబట్టడానికి బయటివాళ్ల మీద దావా వెయ్యడమూ కష్టం, 69వ సెక్షన్ అడ్డొస్తుంది. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకోండి.

జూనియర్ సంగీతం? అతను మీ ఉద్యోగి కాదు, ఫోన్‌పే మెసేజీ హక్కుల బదిలీ కాదు. కాపీరైట్ ఇవాళ్టికి అతనిదే. మీది కానిది పబ్లిషర్‌కి రాసిస్తున్నారు, 12వ క్లాజులో ‘అంతా మా సొంతం’ అని హామీ కూడా ఇస్తున్నారు! అసలు ప్రమాదం అక్కడుంది, ఇండీ అన్న మాటలో కాదు. రుషికొండ మిత్రుడిదీ ఇలాంటిదే. ఉద్యోగంలో భాగంగా చేసినది యజమానిది అవుతుంది, రాత్రి ఇంట్లో సొంతంగా చేసినది మామూలుగా కాదు. కానీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘ఉద్యోగకాలంలో చేసిన ప్రతిదీ కంపెనీదే’ అని ఉండొచ్చు, ఆఫీసు లాప్‌టాప్ వాడి ఉంటే ఇంకా చిక్కు. కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (మాకు అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకోమనండి, అడగడానికి మొహమాటపడొద్దనండి. ఆన్‌లైన్ గేమింగ్ మీద 2025లో వచ్చిన చట్టం గురించి కంగారు వద్దు, అందులో నిషేధం డబ్బు పెట్టి ఆడే ఆటల మీద. మీ తండేలు పందేలు కట్టడు కదా.

ఇప్పుడు చెయ్యాల్సింది: శుక్రవారం గడువు కుదరదు, రెండు వారాలు కావాలని ఈ రాత్రికే మెయిల్ పెట్టండి. నిజంగా గేమ్ కావాలనుకున్నవాళ్లు ఆగుతారు. బదిలీ బదులు 5 ఏళ్ల లైసెన్సు, ఖర్చుకి పరిమితి, ముగింపు మీద చివరి మాట మీది, ఈ మూడూ అడగండి. మొదటిది ఒప్పుకోకపోతే మిగతా రెండిటి గురించి బేరమాడి లాభం లేదు. ఆలోగా జూనియర్‌ని కూర్చోబెట్టి ఒక పేజీ బదిలీ పత్రం రాయించుకోండి, రాయల్టీ ఎంతో అందులోనే రాయండి, 15 వేలకి ఇంకో పది కలపండి. ఆ కుర్రాడికి న్యాయంగా రావాల్సిందే.