ముందు ఊపిరి గుర్తులు పెట్టుకో

అమ్మలూ,

ఒక గాయని పాడిన ఆ పాటను రికార్డర్ మీద, అంటే నిలువుగా పట్టుకుని ఊదే వేణువులాంటి వాయిద్యం మీద, వాయించాలని నువ్వు పట్టుబట్టావని తెలిసి చాలా సంతోషపడ్డాను. నెమ్మదిగా సాగే పాట కాబట్టి తొందరగా వచ్చేస్తుందని రాశావు. నా అనుభవంలో నెమ్మది పాటే కష్టం. వేగంగా పోయే పాటలో ఒక స్వరం కాస్త అటూ ఇటూ అయినా దాటిపోతుంది. అదే నాలుగు లెక్కలు నిలబడాల్సిన స్వరంలో ఊపిరి కొంచెం వణికినా వినేవాళ్లకి తెలిసిపోతుంది.

అందుకని రెండు రోజులు రికార్డర్ ముట్టుకోకు. పాట పాడు. గొంతు ఎలా ఉన్నా పరవాలేదు, మాటలతో సహా పాడు. సాహిత్యం కాగితం మీద రాసుకుని, గాయని ఊపిరి తీసుకున్న చోటల్లా పెన్సిల్‌తో కామా పెట్టు. సంగీత లిపిలో కూడా ఊపిరి గుర్తు కామాలాగే ఉంటుంది. మొదటిసారి ఇలాంటి పాట నేర్చుకున్నప్పుడు నేను నెల రోజులు వేళ్ల మీదే ధ్యాస పెట్టాను. స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, పాట మాత్రం పాటలా లేదు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నానని చాలా ఆలస్యంగా అర్థమైంది. నీకు ఆ నెల వృథా కాకూడదు.

తర్వాత శ్రుతి చూసుకో. నీది సొప్రానో అనే చిన్న రికార్డర్. అందులో అన్ని బెజ్జాలూ మూస్తే వచ్చే సి కంటే కింద స్వరం లేదు (సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అనేవి పాశ్చాత్య సంగీతంలో స్వరాల పేర్లు). పాట మొత్తంలో అన్నిటికంటే కింది స్వరం ఏది, పై స్వరం ఏది అని వెతుకు. కిందిది డి దగ్గర, పైది పై స్థాయి జి లోపల ఉండేలా పాట మొత్తాన్నీ పైకో కిందకో జరిపితే హాయిగా ఉంటుంది. గాయకుల గొంతుకి తగ్గట్టు ఇలాంటి పాటలు కొన్నిసార్లు మూడు నాలుగు ఫ్లాట్‌లు (అర మెట్టు తగ్గించిన స్వరాలు) ఉన్న శ్రుతుల్లో ఉంటాయి. వాటితో కుస్తీ పట్టకుండా సి మేజర్, ఎఫ్ మేజర్, జి మేజర్ అనే తేలికైన శ్రుతుల్లో ఒకదానికి మార్చేసుకో. అసలు పాటతో కలిపి వాయించాలనిపిస్తే శ్రుతి మార్చే యాప్‌లో ఆ పాటనే జరపొచ్చు.

వేళ్ల సంగతి నీకు చాలావరకు తెలుసు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. బి నుంచి పై సి కి వెళ్లేటప్పుడు చూపుడు వేలు లేవడం, మధ్య వేలు పడడం ఒకేసారి జరగాలి. లేకపోతే మధ్యలో ఒక పరాయి స్వరం దూరుతుంది. ఈ రెండు స్వరాలే రోజూ ఐదు నిమిషాలు వాయించు. కింది సి కీచుమంటే ఏదో ఒక వేలు సరిగ్గా మూయలేదని అర్థం. వేలి కొనతో కాదు, మెత్తటి భాగంతో మూయాలి. పై స్థాయికి బొటనవేలిని పక్కకి జరపకు, కణుపు దగ్గర వంచి సన్నటి సందు వదులు. ఇంకొకటి, వేళ్ల పట్టిక నీ వాయిద్యానికి సరిపోతుందో లేదో చూసుకో. రికార్డర్లలో జర్మన్, బరోక్ అని రెండు పద్ధతులున్నాయి, వాటిలో ఎఫ్ వేరువేరుగా పట్టుకోవాలి.

అసలు కష్టం పల్లవిలో వస్తుంది. అక్కడ గాయని గొంతు పెంచుతుంది, నీకూ గట్టిగా ఊదాలనిపిస్తుంది. ఊదకు. రికార్డర్‌లో గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, మరీ మెల్లగా ఊదితే కిందకి జారుతుంది. పెద్దగా, చిన్నగా అన్న తేడా నాలుకతో తేవాలి. చరణంలో ప్రతి స్వరాన్నీ 'దు' అని మెత్తగా మొదలుపెట్టి ఒకదానికొకటి అతికించు. పల్లవిలో 'తు' అను, ముఖ్యమైన స్వరానికి ముందున్నదాన్ని కాస్త తుంచి చిటికెడు నిశ్శబ్దం ఇవ్వు. ఆ ఖాళీ తర్వాత వచ్చే స్వరం దానంతటదే బలంగా వినిపిస్తుంది. మొదటిసారి అది విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. చరణంలో ఒకే స్వరం మూడు నాలుగుసార్లు వస్తే గాయనికి మాటలున్నాయి, నీకు నాలుక ఒక్కటే ఉంది. మాటలో ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందో అక్కడే నువ్వూ ఒత్తు.

పొడుగు స్వరం చివర ఊపిరి వదిలేస్తే శ్రుతి వాలిపోతుంది. చివరిదాకా అదే గాలి ఇచ్చి నాలుక కొనతో ఆపు.

గాయని చేసే గమకాలు ఇప్పుడే వద్దు. మూడు చరణాలూ వద్దు. మాటలు లేకుండా అదే వరస మూడుసార్లు వింటే ఎవరికైనా విసుగొస్తుంది. ఒక చరణం, పల్లవి, మళ్లీ పల్లవి చాలు.

వాయించే ముందు పైభాగాన్ని కాసేపు అరచేతుల్లో పట్టుకుని వెచ్చబరుచుకో, లోపల తేమ తక్కువ పడుతుంది.

వచ్చే ఆదివారానికి మొదటి రెండు లైన్లే రికార్డ్ చేసి పంపు. దానితోపాటు కామాలు పెట్టిన కాగితం ఫొటో కూడా పంపు. ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న