కాగితం చేతికి వచ్చేదాకా: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

అమెరికన్ హాకీ లీగ్ జట్టు ఒకదాని ఆఫీసులో నీకు ఉద్యోగం వచ్చిందని, సెప్టెంబరులో శిక్షణ శిబిరం మొదలయ్యేలోగా చేరాలని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆటగాళ్ల రాకపోకలు, బసలు, కాగితాలు చూసే పని అని వినగానే నాకు కళ్లు చెమర్చాయి, ఎందుకంటే 22 ఏళ్లు నేను చేసింది అదే పని. హాకీ అంటే ధ్యాన్‌చంద్ పేరు తప్ప మరేమీ తెలియకుండా తెనాలి నుంచి వచ్చి, ఐస్ రింకు ఆఫీసులో బిల్లులు రాసే గుమాస్తాగా చేరి, చివరికి ఆ కుర్రవాళ్లు పై లీగ్‌కు వెళ్లేటప్పుడు టికెట్లు తీసి ఇచ్చే మనిషినయ్యాను. మన ఇంట్లో ఇంకొకరు అదే కుర్చీలో కూర్చుంటారని ఎన్నడూ అనుకోలేదు. గర్వంగా ఉంది తల్లీ. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకు కారణమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

తెలిసిన విషయాలు ముందు చెప్పేస్తాను. ప్రతి ఆటగాడి పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ నకళ్లు నీ దగ్గర ఉంచుకో. ఫోను రాత్రిళ్లు కూడా ఆపకు. కారుకు చలికాలపు టైర్లు అక్టోబరులోనే వేయించు.

ఇక అసలు సంగతి. నీకు జీతం ఒకచోట నుంచే వచ్చినా, నువ్వు జవాబు చెప్పుకోవలసింది ఇద్దరికి. పై లీగ్‌లో, అంటే నేషనల్ హాకీ లీగ్‌లో, 32 క్లబ్బులు, మన లీగ్‌లో 32 జట్లు. ఒక్కో క్లబ్బుకు ఒక్కో ఫార్మ్ టీం, అంటే కుర్రవాళ్లను తయారుచేసే కింది జట్టు. పై క్లబ్బు 50 మంది దాకా ఆటగాళ్లతో ఒప్పందాలు చేసుకోవచ్చు గానీ, సీజనులో తన జాబితాలో ఉంచుకోగలిగేది 23 మందినే. మిగిలిన వాళ్లలో ఎక్కువమంది మన దగ్గర ఉంటారు. ఆ కుర్రవాళ్ల జీతం పై క్లబ్బుదే, వాళ్లు ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో చెప్పేదీ అదే. చాలాచోట్ల కోచ్ ఎవరన్నదీ, ఏ గోలీని, అంటే గోల్‌కీపరును, ఎక్కువగా ఆడించాలన్నదీ కూడా పైవాళ్లే నిర్ణయిస్తారు. అయితే శనివారం రాత్రి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, టికెట్టు కొనుక్కుని కూర్చునే ఊరివాళ్లు ఆ జట్టు తమదనే అనుకుంటారు. వాళ్లకు ఆ రాత్రి గెలుపు కావాలి. పై క్లబ్బుకు మాత్రం ఇరవై ఏళ్ల కుర్రవాడు తప్పులు చేస్తూనైనా ఎక్కువసేపు ఐసు మీద ఉండటం కావాలి. రెండూ న్యాయమైన కోరికలే.

ఈ రెండింటికీ పొసగకపోతే ఏమవుతుందో షికాగోలో చూశాం. షికాగో వోల్వ్స్ 2022లో మన లీగ్ విజేతకిచ్చే కాల్డర్ కప్పు గెలిచారు. ఆ తర్వాత గెలుపు ముఖ్యమా, కుర్రవాళ్ల శిక్షణ ముఖ్యమా అన్న చోట తమ పై క్లబ్బు కరొలైనా హరికేన్స్‌తో మాట కుదరక, 2023-24 సీజనంతా ఏ క్లబ్బు అనుబంధమూ లేకుండా ఆడారు. కరొలైనా క్లబ్బు తన కుర్రవాళ్లను ఇతరుల ఫార్మ్ టీముల్లో సర్దుకోవలసి వచ్చింది. 2024లో ఇద్దరూ మళ్లీ కలిశారు. నేను అప్పటికే ఉద్యోగం మానేశాను గానీ, తమది కాని జట్టులో ఐసు మీద తమ వంతు కోసం ఎదురుచూసిన కుర్రవాళ్ల గురించే ఆ ఏడాదంతా ఆలోచించాను. ఒప్పందాలు పెద్దవాళ్లవి, మూటా ముల్లే సర్దుకోవడం మాత్రం పిల్లలది.

హెర్షీ ఊరి జట్టును చూడు. 1938 నుంచి ఈ లీగ్‌లో ఉన్న జట్టు అది. పై క్లబ్బులు మారుతూ వచ్చాయి, 2005 నుంచి వాషింగ్టన్ క్యాపిటల్స్‌తో ఉంది, ఊరు మాత్రం మారలేదు. సేవా సంస్థలకు ఇవ్వడం కోసం అక్కడి జనం ఐసు మీదికి విసిరే టెడ్డీ బొమ్మలు 2025లో లక్ష దాటాయి. జట్టు చేతులు మారదన్న ధీమా ఉన్న ఊరే అలా చేయగలదు. మాంచెస్టర్‌కు ఆ ధీమా దొరకలేదు. పై క్లబ్బులు తమ ఫార్మ్ టీములను దగ్గరికి తెచ్చుకోవాలనుకోవడంతో, అయిదు జట్లు కాలిఫోర్నియాకు మారుతున్నాయని 2015 జనవరిలో, సీజను నడుస్తుండగానే ప్రకటించారు. ఆ అయిదింటిలో ఒకటైన, న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ మోనార్క్స్ అదే జూన్‌లో కాల్డర్ కప్పు గెలిచి, ఆ వెంటనే ఊరు విడిచారు. పైవాళ్లు కోరుకున్నదానిలో తప్పు లేదు: కుర్రవాడు గంటలో చేరగలిగితే ఆ రాత్రే ఆడించవచ్చు. కానీ నీ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి వచ్చే ఏడాది సీజన్ టికెట్టుకు చెక్కు రాసి ఇచ్చే పెద్దాయనకు నువ్వు ఏం చెబుతావో ఇప్పుడే ఆలోచించుకో. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకు.

ఈ మాట అంటున్నప్పుడే నా పాత తప్పు గుర్తుకొస్తుంది. మీ అమ్మకు కూడా నేను ఇది పూర్తిగా చెప్పలేదు.

ఒక ఫిబ్రవరి నెల. మా జట్టులో సస్కాచెవాన్ నుంచి వచ్చిన ఒక వింగర్, అంటే పక్క అంచున ఆడే ఫార్వర్డ్, ఉండేవాడు. 26 ఏళ్లు, ఫార్మ్ లీగ్‌లో అయిదో ఏడు, పై లీగ్‌లో ఒక్క మ్యాచి ఆడలేదు. ఒప్పందం టూ వే, అంటే కింద ఉంటే ఒక జీతం, పైకి వెళ్లిన రోజులకు ఇంకో జీతం. ఆ తేడా ఎంతో నీకు తెలియాలి: 2025-26 సీజన్‌లో పై లీగ్ కనీస వేతనం 7,75,000 డాలర్లు, అంటే అక్కడ గడిపిన ప్రతి రోజుకూ దాదాపు 4,000 డాలర్లు. అయితే ఆ కుర్రవాడికి కావలసింది డబ్బు కాదు, ఒక్క రాత్రి. ఆ సాయంత్రం పై క్లబ్బు నుంచి ఫోను వచ్చింది. తమవాడొకడికి పాదం మీద పక్, అంటే ఆటలో కొట్టే గట్టి రబ్బరు బిళ్ల, తగిలిందని, రేపు మ్యాచి రోజు పొద్దుటి సాధనలో అతను స్కేట్ చేయలేకపోతే మావాణ్ణి పిలుస్తామని, ఒక సీటు చూసి పెట్టమని అన్నారు. "చేయలేకపోతే" అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. విని కూడా, ఫోను పెట్టేసి, మెట్లు దిగి లాకర్ రూముకు వెళ్లి, "సామాను సర్దుకో నాయనా, రేపు పైకి వెళ్తున్నావు" అని చెప్పాను. ఆ మాట చెప్పే మనిషిని నేనే కావాలన్న ఆశ తప్ప అందులో మరేమీ లేదు.

వాడు ఇంటికి ఫోను చేశాడు. వాళ్లది గోధుమ పొలాలున్న కుటుంబం. తండ్రి, తల్లి ఆ చలిలో రాత్రికి రాత్రే కారులో ఎయిర్‌పోర్టుకు వెళ్లి తెల్లవారుజామున విమానం ఎక్కారు. పొద్దున పదకొండింటికి నా ఫోను మోగింది. దెబ్బ తగిలినవాడు బాగానే స్కేట్ చేశాడట, అవసరం లేదట.

నేను కిందికి వెళ్లేసరికి వాడు బెంచీ మీద కూర్చుని స్టిక్కుకు తెల్ల టేపు చుడుతున్నాడు, మడమ వైపు నుంచి కొన దాకా, ఒక చుట్టు మీద ఒక చుట్టు సగం ఎక్కేలా. నేను చెబుతుంటే చెయ్యి ఆగింది. తర్వాత మిగిలిన చుట్లన్నీ పూర్తి చేసి, టేపు పంటితో తెంచి, అంచును బొటనవేలితో అదిమి, "సరేనండి" అన్నాడు. అంతే. తల్లిదండ్రుల ప్రయాణాన్ని మధ్యలో మా ఊరికి మళ్లించి, వాళ్లను ఎయిర్‌పోర్టులో నేనే కలుసుకున్నాను. ఆ తండ్రి కోటు కింద పై క్లబ్బు జెర్సీ వేసుకున్నాడు, కాలరు దగ్గర ధర చీటీ దారం ఇంకా వేలాడుతోంది. నేను చెప్పింది విని, అక్కడే జెర్సీ విప్పి, నాలుగు మడతలు పెట్టి భార్య చేతి సంచిలో పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి మ్యాచి అయ్యాక వాళ్లను ఇంటికి తీసుకొచ్చాను. మీ అత్తయ్య వేడివేడిగా అన్నం, ముద్దపప్పు, నెయ్యి వడ్డించింది. ఆ తల్లి తింటూ తింటూ కళ్లు తుడుచుకుంది. ఆ కుర్రవాడికి మళ్లీ పిలుపు రాలేదు, మరుసటి వేసవిలో ఆట మానేశాడు.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. ఆటగాణ్ణి పైకి పిలిచే రీకాల్ కాగితం నీ చేతికి వచ్చి, కోచ్ ఆ కుర్రవాణ్ణి తన గదికి పిలిచి చెప్పేదాకా నీకేమీ తెలియదు. సీటు చూడు, సంచి ట్యాగులు సిద్ధం చేయి, నోరు మాత్రం విప్పకు. నీ స్నేహితులకు సరదాగా కూడా రాయకు, సాధనలో ఎవరు కనిపించలేదో చూసి వార్త అల్లేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వేవర్స్ మీద, అంటే కిందికి పంపేముందు ఇతర క్లబ్బులకు అందుబాటులో, పెట్టిన వాడి విషయంలో ఇంకా జాగ్రత్త. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలై మర్నాడు రెండింటి దాకా, ఆ 24 గంటల్లో ఏ ఇతర క్లబ్బయినా అతన్ని తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతేనే మన దగ్గరికి వస్తాడు. వచ్చినవాడు ఎవరికీ అక్కరలేదనిపించుకుని వచ్చాననుకుంటాడు. పైకి వెళ్లేవాణ్ణి సాగనంపడానికి అందరూ ఉంటారు, కిందికి వచ్చేవాణ్ణి ఎయిర్‌పోర్టులో నువ్వే వెళ్లి కలుసుకో.

పైన ఒకడి పాదానికి పక్ తగిలితే కింద మూడు ఇళ్లు కదులుతాయని కూడా గుర్తుంచుకో. మనవాడు పైకి పోతే మన కింది లీగ్ ఈసీహెచ్ఎల్ నుంచి ఇంకొకడు మన దగ్గరికి వస్తాడు, వాడి ఖాళీలోకి మరొకడు వస్తాడు. అద్దె ఇళ్ల యజమానులతో నెల నోటీసు షరతు ముందే రాయించు. చంటిబిడ్డతో ఉన్న ఆటగాడి భార్య ఫోను నంబరు విడిగా రాసి పెట్టుకో, ఎందుకంటే భర్త విమానం ఎక్కేశాక ఇల్లు ఖాళీ చేయవలసింది ఆమే.

ఒక మాటకు నిన్ను మందలించాలి. "రెండేళ్లు చూసి పై క్లబ్బులోకి మారిపోతాను" అన్నావట మీ అమ్మతో. మారిపో, వద్దనను, నీకు ఆ సామర్థ్యం ఉంది. కానీ చేరకముందే ఆ మాట నోట రావడం నాకు నచ్చలేదు. అక్కడి ఆటగాళ్లందరూ పైకి చూస్తూనే ఉంటారు, వాళ్ల అద్దెలు, పంటి నొప్పులు, అమ్మానాన్నల టికెట్లు చూడటానికి ఒక్కరైనా ఆ ఊళ్లో మనసు పెట్టి ఉండాలి. ఉన్నంత కాలం ఆ ఒక్కరివి నువ్వే కావాలి. కోపంగా రాశాననుకోకు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడు మ్యాచి చూస్తూ, ఆఖరిదైన మూడో పీరియడ్ అయ్యేదాకా నా ఒళ్లోంచి లేచేదానివి కాదు, ఆ పిల్ల ఇంత దూరం వచ్చిందే అన్న మురిపెంతోనే ఈ చనువు.

చివరికి టైర్ల మాట. లీగ్‌లో 72 మ్యాచులు, శుక్ర, శని, ఆది మూడు రాత్రులు వరుసగా ఆడే వారాలు ఉంటాయి, బస్సు తిరిగి వచ్చేసరికి తెల్లవారుజాము మూడవుతుంది. ఆటగాళ్లు దిగి ఎవరి కార్లలో వాళ్లు వెళ్లిపోయాక, సంచులు లెక్కపెట్టి నువ్వు ఒక్కదానివే నల్లటి ఐసు పేరుకున్న రోడ్డు మీద కారు నడుపుతావు. ఆ ఐసు కంటికి కనిపించదు, వంతెనల మీద ముందుగా పడుతుంది. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా భయపెట్టినది అదొక్కటే. రింకుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఇల్లు చూసుకో, అద్దె కాస్త ఎక్కువైనా సరే, ఆ తేడా నేను పంపుతాను. మొదటి బస్సు ప్రయాణం నుంచి వచ్చిన రాత్రి, ఇంట్లోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకున్నాక నాకు ఫోను చేయి. ఎన్ని గంటలైనా మీ అత్తయ్యా నేనూ మెలకువగానే ఉంటాం.

ఇట్లు,
మామయ్య