గుడారంలో ఎనిమిదిమంది: రోమన్ నవలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మన పత్రికలో ఇటీవల ముగిసిన రోమన్ సైనికుల సీరియల్ మీద కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఉత్తరాలు బాగా వచ్చాయి. చదవని వారి కోసం రెండు ముక్కలు: హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో బ్రిటన్ ఉత్తరాన గోడ మొదలుపెట్టించిన కాలం. ఒకే గుడారంలో పడుకునే ఎనిమిదిమంది సైనికులు, గోడ అవతల కనిపించకుండా పోయిన ఒక పహరా దళాన్ని వెతుక్కుంటూ పోతారు. అదీ కథ.

ప్రశ్న: యుద్ధంలో కథానాయకుడు ఈటె విసిరి, శత్రువు డాలులోంచి దాన్నే పెరికి, మళ్లీ దాంతోనే పోరాడతాడు. మా మిత్రులకు ఆ ఘట్టం చానా నచ్చింది. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఎవరిది కరెక్టు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ అనుమానమే సరైంది. రోమన్ సైనికుడి విసురుడు ఈటెను పీలం అంటారు. మొత్తం పొడవు రెండు మీటర్ల దాకా ఉంటుంది. అందులో ముందుభాగం సన్నటి పొడవాటి ఇనుప కడ్డీ, దాని కొసన చిన్న మొన. మొన చేసిన రంధ్రం కన్నా కడ్డీ సన్నం కాబట్టి, డాలును చీల్చాక ఈటె ఆగదు, వెనకున్న మనిషి దాకా దూసుకుపోతుంది. మనిషికి తగలకపోయినా నష్టం లేదు. మొన అవతలి వైపు చిక్కుకుంటుంది, వెనక కర్ర బరువుకు కడ్డీ వంగుతుంది, ఇక డాలు మోయలేని బరువు అవుతుంది. క్రీ.పూ. 58లో హెల్వెటీలనే తెగతో జరిగిన యుద్ధంలో ఒక్క ఈటె ఒకటికి మించి డాళ్లను కలిపి కుట్టేసిందనీ, పెరకలేక చాలామంది డాళ్లు పారేసి ఒట్టి ఒంటితో పోరాడారనీ రోమన్ సేనాని సీజర్ రాశాడు. రచయిత ఈ ఘట్టాన్ని శత్రువు వైపు నుంచి రాసి ఉంటే ఎంత బాగుండేది! చేతిలో డాలు ఉండీ లేనట్టే అయిన ఆ మనిషి అవస్థ కన్నా గొప్ప దృశ్యం ఏముంటుంది?

అదే పేజీలో ఇంకో తప్పు ఉంది. కథానాయకుడు డాలును మోచేతికి పట్టీతో బిగించుకుంటాడు. రోమన్ పెద్ద డాలుకు మధ్యలో అడ్డంగా ఒకే ఒక పిడి ఉంటుంది, దాన్ని పిడికిట్లో పట్టుకుంటారు. పిడికిలికి ముందు లోహపు బుడిపె. చెయ్యి చాచితే ఆ బుడిపెతో ఎదుటివాడి ముఖం మీద గుద్దొచ్చు. మోచేతికి కట్టుకుంటే ఆ దెబ్బ వెయ్యలేడు. మీటరు పైన ఎత్తున్న ఆ వంపు డాలును పలచటి చెక్క పట్టీలు అడ్డంగా, నిలువుగా పొరలు వేసి జిగురుతో అతికించి చేసేవారు. సిరియాలోని డ్యూరా యూరోపస్‌లో అలాంటిది ఒకటి దొరికింది.

కత్తి విషయం మాత్రం రచయిత బాగా రాశాడు. అర మీటరు అటూఇటూ అలుగున్న కత్తి, మామూలు సైనికుడికి కుడివైపు వేలాడుతుంది. దళాన్ని నడిపే అధికారి అయిన సెంచూరియన్‌కు ఎడమవైపు. ఆ తేడాతోనే చీకట్లో అధికారిని గుర్తుపట్టే ఘట్టం ఈ నవలకే మకుటం.

ప్రశ్న: ఎనిమిదో భాగంలో కంచరగాడిద ఏట్లో కొట్టుకుపోతుంది. తొమ్మిదో భాగంలో అందరూ గుడారంలో పడుకుని రొట్టెలు కాల్చుకుంటారు, మొక్కజొన్న గంజి తాగుతారు. వాళ్లు నిజంగా ఏం తినేవాళ్లు?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అమ్మా, ఈ నవలలో అన్నిటికన్నా పెద్ద లోపం మీరు పట్టుకున్నారు. తోలు గుడారం, విసుర్రాయి, రెండూ ఆ గాడిద మీదే ఉంటాయి. అది పోతే ఆ రాత్రి పైకప్పూ లేదు, పిండీ లేదు.

సైనికుడికి ఇచ్చేది పిండి కాదు, గోధుమలు. పాలిబియస్ అనే ప్రాచీన చరిత్రకారుడు చెప్పిన కొలత ప్రకారం కాలిబంటుకు నెలకు సుమారు 35 లీటర్లు, అంటే రోజుకు కిలోకు కాస్త తక్కువ. ఎనిమిదిమందికి రోజుకు ఏడు కిలోలు. అంత గింజను చేతి విసుర్రాయిలో పోసి పిండి చెయ్యాలి. దినమంతా నడిచొచ్చి, కందకం తవ్వి, ఆ తర్వాత చేసే పని ఇది. విసుర్రాయి లేకపోతే గింజలు ఉడకేసుకుని గంజిగా తినాల్సిందే. దాంతోపాటు ఉప్పేసిన పందిమాంసం, జున్ను, నీళ్లలో కలిపిన పుల్లటి ద్రాక్షసారా. తప్పు చేసిన దళానికి గోధుమలు ఆపి బార్లీ ఇచ్చేవారు. అది శిక్ష.

మొక్కజొన్న, మిరప, టమాటా, ఆలుగడ్డ, ఇవన్నీ అమెరికా ఖండపు పంటలు. 1492కి ముందు ఏ రోమన్ నోటికీ అందలేదు.

ప్రశ్న: గోడ మీద కాపలా ఉన్నది లీజియన్ సైనికులేనా?
– ఒక ఉపాధ్యాయుడు, హిందూపురం

జవాబు: కట్టింది వాళ్లు. రెండో, ఆరో, ఇరవయ్యో లీజియన్లు, అంటే రోమన్ సైన్యపు ప్రధాన దళాలు. కట్టాక కాపలా ఎక్కువగా సహాయక దళాలది. లీజియన్‌లో చేరాలంటే రోమన్ పౌరుడై ఉండాలి. సహాయక దళంలో చేరినవాడు 25 ఏళ్లు కొలువు చేస్తే పౌరసత్వం వచ్చేది, దానికి రుజువుగా కంచు రేకు మీద చెక్కిన పత్రం ఉండేది. కట్టడం ఇంకా సాగుతున్న కాలం కాబట్టి నవలలో లీజియన్ వాళ్లు ఉండటం తప్పు కాదు.

ప్రశ్న: అంత శిక్షణ పొందినవాడు గుడి అరుగు మీద జారిపడి దొరికిపోవడం ఏమిటి? సాగదీసినట్టుంది.
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: లేదండీ, ఇది చరిత్రలో జరిగిన సంగతే. సైనికుల చెప్పుల అడుగున ఇనుప మేకులుంటాయి. మట్టి దారిలో, గడ్డి వాలులో అవి పట్టు ఇస్తాయి. నున్నటి రాతి మీద మాత్రం, నాపరాళ్ల మీద ఇనుప లాడాల ఎద్దులాగా, కాలు నిలవదు. క్రీ.శ. 70లో యెరూషలేము ముట్టడిలో జూలియానస్ అనే సెంచూరియన్ ఒంటరిగా శత్రువులను తరుముకుంటూ పోయి, దేవాలయపు బండపరుపు మీద సరిగ్గా ఇలాగే జారి వెల్లకిలా పడ్డాడు. ఆయుధాల చప్పుడు విని పారిపోతున్నవాళ్లు వెనక్కి తిరిగి చుట్టుముట్టి చంపారు. ఇది రాసినవాడు ఆ ముట్టడిని చూసిన యూదు చరిత్రకారుడు జోసెఫస్. రచయిత ఈ వృత్తాంతం చదివే రాశాడనిపిస్తుంది.

ప్రశ్న: కథానాయకుడు నెల జీతం దాచి, సేనాపతి అనుమతితో ఆ ఊరి పిల్లను పెళ్లి చేసుకుంటాడు. ఇది సాధ్యమా? మా నంద్యాలలో రోమన్ బంగారు నాణేలు దొరికాయంటారు. రోమన్ సైనికులు ఇంతదూరం వచ్చారా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: కొలువులో ఉన్న సైనికుడికి చట్టప్రకారం పెళ్లి లేదు. ఆ నిషేధం సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలం దాకా, అంటే క్రీ.శ. 197 ప్రాంతం దాకా, ఉంది. ఆడమనిషితో కాపురం పెట్టేవారు, పిల్లల్ని కనేవారు, కోట బయటి పల్లెలో ఉంచేవారు. కానీ ఆ బిడ్డలకు చట్టంలో తండ్రి లేడు. సేనాపతి మంచివాడైనా ఆ రాత మార్చలేడు. రచయిత ఆ బాధను వదిలేసి పెళ్లి భోజనం పెట్టి ముగించడం నాకు నచ్చలేదు.

జీతం నెలనెలా రాదు, ఏడాదికి మూడు విడతలు. అగస్టస్ చక్రవర్తి కాలంలో ఏడాదికి 225 డినారీలు, తర్వాతి చక్రవర్తి డొమిషియన్ దాన్ని 300 చేశాడు. 25 వెండి డినారీలకు ఒక బంగారు ఆరియస్. అంటే మన కథానాయకుడి ఏడాది కష్టం 12 బంగారు నాణేలు. అందులోంచే తిండికీ బట్టకూ కోత. ఒక్కో నాణెం ఏడు గ్రాముల పైచిలుకు. మీ నంద్యాలలోనూ, రాజంపేట దగ్గరి అత్తిరాలలోనూ దొరికిన రోమన్ బంగారు నాణేల్లో ఏ ఒక్కటి తీసుకున్నా, ఆ సైనికుడికి అది నెల జీతం.

అయితే అవి సైనికులు తెచ్చినవి కావు. వర్తకంలో వచ్చాయి. మిరియాలకూ, ముత్యాలకూ, నూలుబట్టలకూ ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక డినారియస్.

ప్రశ్న: ఇలాంటి నవల తెలుగులోనే సొంతంగా రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక యువ రచయిత, కడప

జవాబు: తప్పక రాయండి. ముందు ఏడాది తేల్చుకోండి, తర్వాత దళం. ఆయుధం, కవచం, జీతం అన్నీ ఆ రెంటి మీదే ఆధారపడతాయి. తర్వాత ఎనిమిదిమందికీ ఒక్కో వరుస రాసి, ఎవరి భుజాన ఏముందో, గాడిద మీద ఏముందో వేసుకోండి. గాయపడినవాడి మూట ఎవరికి పోయిందో ప్రతి అధ్యాయం చివర సరిచూసుకోండి. గుర్రాలుంటే రికాబులు రాయకండి. రోమన్లకు అవి లేవు, జీనుకున్న నాలుగు కొమ్ముల ఊతంతోనే కూర్చునేవారు.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది కాలం దగ్గర. నిమిషాలు, సెకన్లు వద్దు. రాత్రికి నాలుగు జాములు. పగటికి ఎప్పుడూ 12 గంటలే, కాబట్టి పగలు పెరిగితే గంటా పెరుగుతుంది. ఆ గోడ దగ్గర నడివేసవిలో పగలు 17 గంటల పైన, అంటే రోమన్ గంట మన 87 నిమిషాలు. నడిచలికాలంలో 36 నిమిషాలే. ఐదు వేసవి గంటల్లో 20 రోమన్ మైళ్లు, అంటే 30 కిలోమీటర్ల దాకా, నడిపించి సైనికులకు తర్ఫీదు ఇవ్వాలని యుద్ధవిద్య మీద పుస్తకం రాసిన రోమన్ రచయిత వెజీషియస్ అన్నాడు. మీ కథ డిసెంబరులో జరిగితే అదే ఐదు గంటల్లో అందులో సగం దూరం కూడా నడిపించకండి.